మా జపాను ప్రయాణ సన్నాహము

మా యింటి గోడకు వ్రేలాడు క్యాలెండరులో రానున్న కార్తీకమాసపు పుటపై రెండు వారముల దినములకు ఎఱ్ఱ పెన్సిలుతో గీత గీచి యుంచితిమి. పాలు పోయవచ్చిన యమ్మ దానిని చూచి, "పెండ్లి ఉన్నదా అవ్వా?" అని యడిగినది. పెండ్లి కాదు, ప్రయాణమంటిమి. ఎక్కడికనిన జపానునకంటిమి. ఎవరెవరు పోవుచున్నారనిన మేమొక్కరమే యంటిమి. ఆమె పాలచెంబు క్రింద బెట్టి, కొంతసేపు మా మొగమువంక చూచి, "పిల్లలతోటి పంచాయితీ ఏమన్న అయిందా?" అని మెల్లగా నడిగినది.

ఆమె తప్పు లేదు. స్త్రీ యొంటరిగా దూరము పోవుచున్నదనిన, ఆమె యింట కలహమో కష్టమో కలిగినదని తలంచుట లోకమున కలవాటు. మా యింట కలహమేమియు లేదు. కుమారుడును కోడలును మంచివారు. హైదరాబాదున ఉద్యోగములు చేసికొనుచున్నారు. ఎనుబది నాలుగేండ్ల మా యత్తగారు పెద్దపల్లిలో మాతోనే యున్నారు. మా భర్తగారు నాలుగేండ్ల క్రిందట కాలధర్మము నొందిరి. మేము ముప్పది మూడేండ్లు ప్రభుత్వ బాలికల పాఠశాలలయందు సాంఘికశాస్త్రము బోధించి, అరువది యొకటవ యేట ఉద్యోగము విరమించితిమి. ఇన్నేండ్లలో ఒంటరిగా హైదరాబాదు దాటి పోయినది లేదు. అట్టి మేము జపాను ప్రయాణమునకు ఎట్లు సిద్ధపడితిమో, ఎచ్చట జంకితిమో దాచక వ్రాయుచున్నాము. ఇట్టి కోరిక మనసున నుంచుకొని పైకి చెప్పజాలని సోదరి యొక్కతెకైనను ఇది పనికివచ్చినచో చాలును.

జపానే యేల యని చాలమంది యడిగిరి. దానికి కారణము ఒక చిన్నపిల్ల. ప్రతి సంవత్సరమును మేము గోడపటముపై బెత్తమానించి, హొక్కైడో, హోన్షూ, షికోకు, క్యూషూ అను నాలుగు పెద్ద దీవులను చూపుచు, భూకంపములను గూర్చియు అగ్నిపర్వతములను గూర్చియు పట్టుపరిశ్రమను గూర్చియు చెప్పుచుంటిమి. మేము పాఠశాల విడువబోవు సంవత్సరమున, ముందు వరుస బాలిక యొకతె లేచి, "మీరు చూసిండ్రా టీచర్?" అని యడిగినది. లేదమ్మా యంటిమి. "మరి ఎట్ల చెప్తున్నరు?" అని యడిగి కూర్చుండినది. తరగతి యంతయు నవ్వినది, మేమును నవ్వితిమి. ఆ పిల్ల ఎగతాళికి అడుగలేదు, తెలిసికొనుటకే యడిగినది. చూడని దేశమును ముప్పది మూడేండ్లు చూచినట్లు చెప్పితిమి గదా యను మాట ఆ రాత్రి మమ్ము నిద్రపోనీయలేదు. అటుపిమ్మటను పోనీయలేదు.

ఈ సంగతి కుమారునికి చెప్పగా వాడు అడ్డు చెప్పలేదు. "పో అమ్మా, మంచిదే. కని టూరు వాళ్ళతోటి పో. ముప్పై మంది ఉంటరు, మన అన్నం పెడుతరు, నీకేమి రంది ఉండది" అనెను. వాని మాటలో ప్రేమయు ఉన్నది, న్యాయమును ఉన్నది. మేము ఆ యాత్రల కాగితములు తెప్పించి చూచితిమి. ఎనిమిది దినములు, తొమ్మిది పట్టణములు. ఎచ్చట ఎంతసేపు నిలువవలెనో, ఏమి తినవలెనో, ఎన్ని గంటలకు లేవవలెనో అంతయు వారే నిర్ణయించి యుంచిరి. చదువుచుండగా మాకొక విషయము తోచినది. పుట్టినింట బాపు నిర్ణయించిరి. మెట్టినింట అత్తమామలు, తరువాత భర్తగారు నిర్ణయించిరి. బడిలో గంట నిర్ణయించెను. వంట మా చేతిదే యైనను, ఏ కూర యనునది ఇతరుల నాలుకల నడిగియే వండితిమి. ఇందులో ఎవరిపైనను ఫిర్యాదు లేదు; సుఖముగనే బ్రతికితిమి. కాని ఒక కొత్త నోటుబుక్కు తీసి, "మాకేమి చూడవలెనని యున్నది?" అని పై వరుసన వ్రాసికొని కూర్చుంటే, మూడు దినములు దాని క్రింద ఒక్క మాటయు వ్రాయలేకపోతిమి. ఆ తెల్లకాగితమును చూచినప్పుడే ఒంటరిగనే పోవలెనని నిశ్చయించుకొంటిమి.

నిశ్చయమైతే సరిపోదు, అభ్యాసము కావలెను గదా. అందుకు ముందుగా మా జిల్లాలోనే ఒంటరి ప్రయాణమొకటి చేయదలచితిమి. పెద్దపల్లికి ఎంతో దూరము లేని ధూళికట్టలో శాతవాహనుల నాటి బౌద్ధస్తూపము కలదు. 1970ల దశకమున అచ్చట త్రవ్వకములు జరిగి, పడగవిప్పిన నాగముచిలిందుని చెక్కిన రాతిపలక మున్నగునవి బయల్పడినవి. దానిని గూర్చి యెన్నో సార్లు పిల్లలకు చెప్పితిమి, ఇదియు చూడకయే! సుల్తానాబాదు వరకు ఆర్టీసీ బస్సులో పోతిమి. 2023 డిసెంబరు 9వ తేదీ మొదలు మన తెలంగాణమున స్త్రీలకు ఆ బస్సులలో టికెట్టు లేదు గనుక ఖర్చును లేకపోయెను. అటుపైన ఆటోలో పోతిమి. మిట్టపైన ఎవరును లేరు. గాలి, గడ్డి, పాతరాళ్ళు మాత్రమే యుండెను. తొందరపెట్టువారు లేరు గనుక గంటన్నర సేపు కూర్చుంటిమి. తెచ్చుకొన్న జొన్నరొట్టె, పచ్చిపులుసు ఒంటరిగా తింటిమి. మొదట సిగ్గు వేసినది. పిదప రుచి తెలిసినది.

తిరుగుదారిలో మాత్రము చిక్కు కలిగినది. ఆటో దొరకలేదు, మొబైలులో ఛార్జి అయిపోయినది, కుమారుని నంబరు నోటికి రాదు. దారిపక్క చెట్టుక్రింద నిలువగా, నాట్లు ముగించుకొని వచ్చుచున్న కూలి స్త్రీలు మమ్ము చూచి ఆగి, "ఒక్కదానివే వచ్చినవా అక్కా?" అని యడిగి, వారి ట్రాలీలోనే మమ్ము సుల్తానాబాదుకు చేర్చిరి. ఇల్లు చేరగానే నోటుబుక్కులో మూడు వరుసలు వ్రాసితిమి: ఛార్జి పెట్టె ఒకటి వెంట నుండవలెను, ముఖ్యమైన నంబరులు, విడిది చిరునామాలు కాగితముపై వ్రాసి రవికె సంచిలో నుంచుకొనవలెను, అడుగుటకు సిగ్గుపడరాదు. జపానున వీధి మూలలయందు "కోబాన్" అను చిన్న పోలీసు గదులుండునట. దారి తప్పినవారికి దారి చూపుట అచ్చటివారి నిత్యకృత్యములలో ఒకటి. పోలీసులకు 110, అంబులెన్సునకు 119 అను నంబరులను కూడ ఆనాడే వ్రాసికొంటిమి.

ఇక కాగితముల సంగతి. సోదరీమణులు దీనిని శ్రద్ధతో చదువవలెను. మా పదవతరగతి పత్రమున పుట్టినింటి పేరును, ఆధారు కార్డున మెట్టినింటి పేరును ఉన్నవి. ముప్పది మూడేండ్లు జీతము తీసికొన్న మనిషియే ఈమె యని ఋజువు చేయుటకు మాకు రెండు నెలలు పట్టినది. పురుషుల కీ బాధ లేదు. ప్రయాణము తలపెట్టినను పెట్టకపోయినను, పత్రములన్నిటి యందును పేరొకటే యగునట్లు ఇప్పుడే సరిచేసికొనుడు. పాస్‌పోర్టు వచ్చిన పిదప వీసా దరఖాస్తు. జపానువారు బ్యాంకు లెక్కలతోపాటు, ఏ దినమున ఏ యూర, ఏ విడిదిలో నుందుమో తేదీల వారీగా పట్టిక వ్రాసి యిమ్మందురు. మూడు దినములు నిండని మా నోటుబుక్కును ఆ పట్టికయే నింపించినది. దరఖాస్తున వెంట వచ్చువా రెవరను చోట "లేరు" అని వ్రాయుచుండగా, ఎల్లప్పుడు "మేము" అనుటయే యలవాటైన మా చేయి కొంచెము తడబడినది.

కాలనిర్ణయమున చాల యాలోచించితిమి. మార్చి చివర నుండి ఏప్రిలు మొదటి వారముల వరకు చెఱ్ఱీపూలు; అప్పుడు లోకమంతయు అచ్చటనే యుండును, విడిదుల వెలలు మిన్నుముట్టును. ఏప్రిలు చివర వారి వరుస సెలవులు. రైళ్ళు క్రిక్కిరిసి యుండును. జూనునుండి జూలై నడుమ వరకు ముసురు. ఆగస్టు, సెప్టెంబరులలో తుపానులు. నవంబరున చలి తక్కువ, వానలు తక్కువ, మేపుల్ ఆకులు ఎఱ్ఱబారు కాలము. మనకది కార్తీకము. బతుకమ్మను నీట విడిచి, దీపావళి చేసికొని, నెమ్మదిగా బయలుదేరవచ్చును.

మొదటి పట్టికలో మేమును తొమ్మిది పట్టణములే వ్రాసితిమి! తరువాత చూచుకొని నవ్వుకొని, ఒక్కొక్కటిగా కొట్టివేసితిమి. పెద్దపల్లి నుండి భాగ్యనగర్ ఎక్స్‌ప్రెసులో సికింద్రాబాదు. హైదరాబాదు నుండి ఢిల్లీ మీదుగా టోక్యో. అచ్చటి గడియారము మనకన్న మూడున్నర గంటలు ముందు. టోక్యోలో నాలుగు రాత్రులు, క్యోటోలో నాలుగు. క్యోటోనుండి ఒక దినము నారాకు పోయి తోదైజీ మహాబుద్ధుని చూడవలెను. 752వ సంవత్సరమున ఆ విగ్రహమునకు కన్నులు తెరచు ఉత్సవము జరిపినది భారతదేశమునుండి వెళ్ళిన బోధిసేనుడను భిక్షువు. ఆయన 736లో అచ్చట దిగెను. ఆయన పట్టిన కుంచె యిప్పటికిని నారాలోని షోసోయిన్ భాండాగారమున భద్రముగా నున్నది. తరువాత కోయా పర్వతమున రెండు రాత్రులు, షికోకు దీవిలో రెండు. హిరోషిమాను మాత్రము విడువ మనసొప్పలేదు. ప్రతి సంవత్సరము ఆగస్టు 6వ తేదీన బడిలో 1945 నాటి సంగతి చెప్పుచు వచ్చితిమి. ఒక్క దినమైనను అచ్చట మౌనముగా నిలిచి రాదలచితిమి.

డబ్బు లెక్క ప్రతి గృహిణియు చేయగలదు. పర్యాటకులకిచ్చు వారపు రైలుపాసు వెల 29,650 యెన్నులుండగా, 2023 అక్టోబరునుండి 50,000 యెన్నులైనది. 1964లో మొదలైన షింకన్‌సెన్ వేగపు రైలులో టోక్యో నుండి క్యోటోకు విడి టికెట్టు సుమారు 14,000 యెన్నులు. నిదానముగా తిరుగువారికి విడి టికెట్టులే చౌక యని కూడికలు చేసి తెలిసికొంటిమి. పెద్ద పెట్టెలను ఒక విడిదినుండి మరొక విడిదికి ముందుగానే చేర్చు సేవ అచ్చట కలదు. కీళ్ళనొప్పులవారికి అది వరము. ఔషధములు వైద్యుని చీటీతో తీసికొని పోవలెను. జలుబు మాత్రలలో కొన్నిటియందుండు సూడోఎఫెడ్రిన్ పదవవంతు మించినచో అచ్చట నిషిద్ధమట. మా పెట్టెనుండి అట్టివి తీసివేసితిమి.

ఆహారమే అసలు చిక్కు. కార్తీకమున మేము నీచు ముట్టము. జపానున కూరగాయల వంటకు కూడ "దషి" యను చారు పోయుదురు. అది ఎండుచేప తురుముతో కాచునది. కావున చూపునకు శాకమైనదెల్ల శాకము కాదు. కాని బౌద్ధమఠములలో "షోజిన్ రియోరి" యను వంట కలదు. అందు మాంసము, చేప మాత్రమే గాక వెల్లుల్లి, ఉల్లి కూడ వాడరు. మన నోములనాటి వంటయే యనుకొనుడు. ఊరబెట్టిన ఉమె కాయ పుల్లగా ఉప్పగా మన ఊరగాయకు చుట్టమట. రాత్రింబగళ్ళు తెరచియుండు దుకాణములలో దానిని నడుమ పెట్టిన అన్నపుముద్ద లమ్ముదురు. ఇవి గాక పుట్నాలపొడి, సకినాలు, అటుకులు వెంట నుండును.

భాషకు భయపడితిమి. కాని అక్షరములు నేర్వబోయి ఆశ్చర్యపడితిమి. వారి అక్షరమాల అ, ఇ, ఉ, ఎ, ఒ అని మొదలగును. హల్లులు క, స, త, న, హ, మ, య, ర, వ అను వరుసన నడచును. బౌద్ధభిక్షువులు సంస్కృతాక్షరములు చదివిన ఫలముగా ఆ క్రమము వారికి కలిగినది. వాక్యమున క్రియ మనకువలెనే చివరకు వచ్చును. మాటలు చాల వరకు మనకువలెనే అచ్చులతో ముగియును. "నికు తొ సకన వ తబేమసెన్" అనగా "మాంసమును చేపయు తినను" అని. "తినను" అను మాటలోనే లేదనుట యిమిడియున్నట్లు "తబేమసెన్" లోను ఇమిడియున్నది! మన పింగళి వెంకయ్యగారు 1913లో బాపట్లలో జపాను భాషలో నుపన్యసించి "జపాను వెంకయ్య" అనిపించుకొనిరని చదివినప్పుడు, తెలుగువారి కది యసాధ్యము కాదని ధైర్యము కలిగినది.

ఆ చదువులోనే ఒక మాట మాకు మిక్కిలి నచ్చినది. హోటలునకు ఒంటరిగా వచ్చిన వారిని వారు "ఒహితొరిసమ" అందురు. "హితొరి" అనగా ఒక్కరు. ముందువెనుకల నున్నవి గౌరవపు మాటలు. తెలుగున "ఒంటరి" యనగానే జాలి కలుగును. వారు ఆ మాటకే "గారు" చేర్చిరి. అట్టివారికై గోడవైపు తిరిగిన ఒంటిపీటల వరుస కూడ చాల చోట్ల నుండునట.

మాకంటె ముందు సముద్రము దాటిన స్త్రీలను తలంచుకొన్న కొలది మా భయము చిన్నదైనది. ఢాకాకు చెందిన హరిప్రభా తకెదా యను వంగమహిళ జపానువాసియైన భర్తతో 1912లో అత్తవారి దేశము చూచి వచ్చి, ఆ యాత్రను 1915లో పుస్తకముగా ప్రకటించెను. ఇక జపానుననే త్సుదా ఉమెకో యను బాలికను 1871లో విద్యకై అమెరికా పంపిరి, అప్పటికామెకు ఆరేండ్లు! 1882లో తిరిగివచ్చునప్పటికి మాతృభాషయే మరచిపోయినది. అట్టి యామె 1900లో స్త్రీలకై విద్యాలయము స్థాపించెను. 2024 జూలై నుండి అచ్చటి 5,000 యెన్నుల నోటుపై ఆమె బొమ్మ యున్నది. మా చేతిలో మొదటి నోటు పడిన దినమున దానిని ఖర్చు చేయక దాచుకొని, బడిపిల్లలకు చూపవలెనని యున్నది.

కోయా పర్వతమును మేము కోరుకొన్నదియు స్త్రీల కథ వలననే. కూకాయ్ అను మహాభిక్షువు 816లో స్థాపించిన ఆ క్షేత్రమునకు 1872లో ప్రభుత్వము నిషేధము తొలగించువరకు స్త్రీలను రానీయలేదు. కొండచుట్టు నుండిన యేడు ద్వారములయొద్ద స్త్రీలకై మందిరములుండెను; వెలుపలనే నిలిచి వారు మ్రొక్కి పోవలెను. వానిలో ఒకటి "న్యోనిన్ దో" అను పేర ఇప్పటికిని నిలిచియున్నది. మేము మొదట అచ్చట కొంతసేపు కూర్చుండి, లోపలికి పోజాలక మరలిపోయిన తల్లులను తలంచుకొని, పిదప లోపలికి పోదలచితిమి.

అన్నియు కుదిరెను, ఒకటి మాత్రము కుదురలేదు. అత్తగారు! ఆడబిడ్డ మంథని నుండి వచ్చి రెండు వారములు చూచుకొందునన్నది. అయినను ఎనుబది నాలుగేండ్ల మనిషిని విడిచి పోవుట ధర్మమా యని లోలోపల తొలుచుచుండెను. టికెట్టు సొమ్ము చెల్లింపవలసిన గడువు మరునాటితో ముగియుననగా, రాత్రి ఆమె కాళ్ళకు నూనె రాయుచు సంగతి యెత్తితిమి. ఆమె ముప్పదేండ్లుగా తెల్లచీర కట్టినవారు. కాళేశ్వరము దాటి యెరుగనివారు. అంతయు విని, "ఆడ నీకు తోడెవ్వలు బిడ్డా?" అని యడిగిరి.

అప్పుడు షికోకు యాత్ర సంగతి చెప్పితిమి. ఆ దీవి చుట్టు ఎనుబది యెనిమిది ఆలయములు కలవు. దారి యంతయు నడిచిన సుమారు 1,200 కిలోమీటరులు. మేము నడువదలచినది మొదటి యైదు ఆలయములు మాత్రమే. ఒక దినపు నడక. స్త్రీపురుషులు, ముత్తైదువలు, ముసలివారు అందరును తమంత తామే తెల్లబట్టలు ధరించి నడుతురు. వారి టోపీపై "దోగ్యో నినిన్" అని వ్రాసియుండును. దారిలో ఇద్దరము కలిసి పోవుచున్నామని దాని యర్థము. ఒంటరిగా నడచువానికి కూకాయ్ స్వామి ఎల్లప్పుడు తోడుండునని వారి నమ్మకము.

అత్తగారు తమ తెల్లచీర చెంగును వ్రేళ్ళ నడుమ మడచుచు కొంతసేపు మాటాడలేదు. "అందరు కడుతరా తెల్లయి?" అని యడిగిరి. అందరునంటిమి. "మరి ఆ సామి పోయి ఎన్నేండ్లాయె?" అనిరి. పోయిరని వారనరు, కోయా కొండపై ధ్యానమున నున్నారందురు, ప్రతిదినము రెండు పూటల భోజనము తీసికొనిపోయి సమర్పింతురు. లెక్కకు పన్నెండు వందల యేండ్లకు దగ్గర యంటిమి.

"పన్నెండు నూర్ల ఏండ్ల కింద పోయినాయిన తోడు రాంగ, నాలుగేండ్ల కింద పోయినోడు రాడా? మావోడు వస్తడు తీయ్ నీతోని. నాకు బిడ్డ ఉన్నది. పోయిరా. వచ్చినంక నాకు ముందుగాల చెప్పాలె, నీ కొడుక్కు కాదు" అనిరి.

మేము ఆ నూనెచేతులతోనే కొంతసేపు అట్లే కూర్చుంటిమి. ఆ రాత్రియే టికెట్టు కొంటిమి. ప్రయాణికుల సంఖ్య యను గడిలో ఒకటి యని నొక్కునప్పుడు ఈసారి చేయి తడబడలేదు.

సోదరీమణులారా! తిరిగి వచ్చిన పిదప చూచినదెల్ల వ్రాయుదుము. అత్తగారికి చెప్పిన తరువాత. అంతవరకు మీలో నెవరైనను ఒక నోటుబుక్కు తెరచి, "మాకేమి చూడవలెనని యున్నది?" అని వ్రాసికొని కూర్చుండుడు. మూడు దినములు ఏమియు తోచకున్నను చింతింపవలదు. నాలుగవ దినమున తోచును. అది జపానే కానక్కరలేదు, ధూళికట్టయైనను చాలును.